మేష్టారి చివరి పంచాంగం

పోయిన వారం రాజోలులో రక్తపరీక్షకు వెళ్లాను. కౌంటరు దగ్గరి అమ్మాయి నా పేరు కొట్టి ఏదో మీట నొక్కింది. తెర మీద ఒక నల్లటి విండో తెరుచుకుంది, అందులో తెల్లటి అక్షరాలు రెండు వరసలు పరుగెత్తాయి, రెప్పపాటులో మూసుకుపోయింది. తరవాత ప్రింటరు కదిలింది. ఆ అమ్మాయికి అది రోజూ చూసేదే, తల కూడా ఎత్తలేదు. నేను మాత్రం కౌంటరు దగ్గర నుంచి ఒక అడుగు వెనక్కి వేశాను. "కంగారు పడకండి బాబాయిగారూ, చిన్న సూదేనండీ" అంది. సూది గురించి కాదని ఆమెకు చెప్పి ప్రయోజనం లేదు. చెప్పవలసిన వాళ్లు వేరే ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

కామేశ్వరశర్మ మేష్టారిది మామిడికుదురు దగ్గర నగరం అనే ఊరు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. వేదం చదివిన ఇంట్లో పుట్టి తాను లెక్కల వైపు వెళ్లినా, తండ్రిగారు వేస్తూ వచ్చిన పంచాంగాన్ని వదల్లేదు. ఏటా అది అమలాపురంలో నేను డీటీపీ ఆపరేటరుగా పనిచేసిన ప్రెస్సులో అచ్చయ్యేది. అట్ట మీద పెద్దక్షరాలతో 'సొంత గణితం' అని ఉండేది. ప్రతి తిథీ, ప్రతి నక్షత్రమూ ఎప్పుడు ముగుస్తుందో చేత్తో లెక్కకట్టి, పొడుగు నోటు పుస్తకాల్లో పెన్సిలుతో రాసి తెచ్చేవారు. నేను వాటిని కంప్యూటరులో గడుల షీటులోకి ఎక్కించేవాణ్ణి. నాకు మాక్రోలు, అంటే ఒక్క నొక్కుతో పనంతా చేసిపెట్టే ఆదేశాలు, రాయడం నేర్పింది కూడా ఆయనే. ఒకరోజు నేను పేజీ అంకెలు ఒక్కొక్కటే మారుస్తుంటే పక్కన కుర్చీ వేసుకుని కాసేపు చూసేరు.

"ఏమయ్యా బాబ్జీ, ఒకే పని ఇన్నిసార్లు చేస్తున్నావు, విసుగు పుట్టదా?"

"జీతం ఇస్తున్నారు కదండీ."

"జీతం పనికయ్యా, విసుగుకి కాదు. జరుగు."

అరవై దాటిన మనిషి నా కీబోర్డు లాక్కుని పది లైన్లు రాసేరు. ఒక్క నొక్కుతో పేజీలన్నీ సర్దుకున్నాయి. ఆ వారమంతా సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పేరు. "నచ్చని లైను చెరిపెయ్యకు. దాని ముందు ఈ చిన్న గుర్తు పెట్టు, నిద్రపోతుంది. మళ్లీ కావాలంటే లేపుకోవచ్చు" అనేవారు. నా చేత ఒక్క పైసా తీసుకోలేదు. ఇవాళ నేను తింటున్న తిండి ఆ పది లైన్ల పుణ్యమే.

అంత నేర్పిన మనిషి ఒక్క మాక్రో మాత్రం నన్ను చూడనిచ్చేవారు కాదు. షీటు మొత్తం ఎక్కించాక, "కాస్త మంచినీళ్లు తెచ్చిపెట్టవయ్యా" అని నన్ను లేపి నా కుర్చీలో కూర్చునేవారు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి చూస్తే నల్లటి విండో వెలిగి ఆరేది. కాసేపటికి మళ్లీ వెలిగి ఆరేది. నెలకొకటి చొప్పున పన్నెండుసార్లు. నేను నీళ్లతో వచ్చేసరికి ఆ షీటు మూసేసి ఉండేది. తరవాత రెండు రోజులు నోటు పుస్తకాలు ముందేసుకుని అక్కడక్కడా అంకెలు దిద్దించేవారు. ఎందుకు దిద్దుతున్నారో చెప్పేవారు కాదు.

అనుమానం ఎలా మొదలైందో నాకు బాగా గుర్తుంది. మా ప్రెస్సు ఓనరు రాజుగారు ఒకసారి టీ తాగుతూ, "ఈ రోజుల్లో ఇంత లెక్క చేత్తో ఎవరు చేస్తారు బాబ్జీ? ఎక్కడిదో ప్రోగ్రాం పెట్టుకుని సొంత గణితం అంటున్నారేమో" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. కాని ఆ మాట నాలో నిలిచిపోయింది. ఆ మరుసటి ఏడు మేష్టారు ఏం చేసినా నాకు వేరేగా కనబడింది. పెన్సిలు రాతలు మరీ శుభ్రంగా ఉన్నాయనిపించింది. మంచినీళ్లు అడిగితే, దాహం లేదు ఈయనకు అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆయన తెలిసినవాళ్లింటికి భోజనానికి వెళ్లినప్పుడు ఆ మాక్రో తెరిచాను. అందులో ఒక లైను బయట ఉన్న ఏదో ప్రోగ్రామును పిలుస్తోంది. దాని కింద లైను, ఆ ప్రోగ్రాము పని ముగించేదాకా షీటును ఆపి ఉంచుతోంది. ఆగినంతసేపూ షీటులో ఏదీ కదిలించలేం. నా అనుమానం అక్కడ గట్టిపడింది. ఈ ఆగడం దేనికి? ఎవరూ చూడకుండా అంకెలు మార్చడానికి కాకపోతే? ఆయన నేర్పిన గుర్తే ఆ ఆపే లైను ముందు పెట్టి దాన్ని నిద్రపుచ్చాను. మాక్రో నడిపాను. నల్ల విండోలు వరసగా వెలిగాయి. ఫోల్డరులో ఒక ఫైలు మిగిలింది. తెరిస్తే తిథులు, గంటలు, నిమిషాలు. పక్కన మేష్టారి నోటు పుస్తకం పెట్టి చూశాను. పది చోట్ల చూస్తే పది చోట్లా ఒకటే. నేను వెతుకుతున్నది దొరికిందనుకున్నాను. రెండు లెక్కలు కలిస్తే, ఒకటి రెండోదాన్ని చూసి రాసిందని తప్ప, రెండూ సరైనవి కావచ్చునని నాకు తట్టలేదు. ఇంతలో వీధి గుమ్మంలో ఆయన చెప్పులు విడిచిన చప్పుడైంది. గబగబా ఆ ఫైలు చెరిపి, మాక్రో సేవ్ చేసి మూసేశాను. గుర్తు తీయలేదు.

మర్నాడు మామూలుగానే మంచినీళ్లకు పంపేరు. తిరిగొచ్చేసరికి షీటు మూయకుండా తెర వంకే చూస్తున్నారు.

"ఏమయ్యా, ఈ ఏడు ఒక్క తప్పూ లేదేమిటి?"

"మంచిదే కదండీ."

"ఎంత మంచిదైనా పదో ఇరవయ్యో ఉంటాయి. నావి కొన్ని, నీవి కొన్ని. ఎప్పుడూ లేకుండా లేవు." కళ్లజోడు తీసి నా వైపు తిరిగేరు. "నువ్వేమైనా ముట్టుకున్నావా?"

"లేదండీ."

"నిజంగా?"

"ఆయ్, నేనెందుకు ముట్టుకుంటానండీ. ఇన్నేళ్లు చేసేరు కదా, చెయ్యి తిరిగిపోయింది మీకు."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. తరవాత చిన్నగా నవ్వి, "సరే, నువ్వు కాదన్నావుగా" అన్నారు. దొంగే దొంగతనం గురించి నన్ను అడుగుతున్నాడనుకున్నాను. ఆ నవ్వు కూడా నాటకమే అనుకున్నాను. పంచాంగం అచ్చుకెళ్లిపోయింది.

మార్గశిర మాసం వెళ్లేలోగా మామిడికుదురు నుంచి సూర్యనారాయణ అనే ఆయన పంచాంగం పట్టుకుని ప్రెస్సుకు వచ్చాడు. తండ్రి పోయాక అది మొదటి తద్దినం. తద్దినం పెట్టేది అపరాహ్ణంలో, అంటే మధ్యాహ్నం దాటాక, ఆ వేళకు తిథి ఎక్కువగా ఉన్న రోజున. మా పంచాంగం చూసి పెట్టుకున్నారు. అంతా అయి బ్రాహ్మలు వెళ్లిపోయాక, పక్కింట్లో వేరే పంచాంగం చూస్తే తిథి మర్నాటిదని తేలింది. ఆయన కోప్పడలేదు. "మా నాన్నగారు ఈ మేష్టారి మాట తప్ప వినేవారు కాదండీ. ఆయన తద్దినమే ఇలా అయింది" అని పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

రాజుగారు నన్ను పిలిచి అడిగేరు. నేను చెప్పాను. "సొంత లెక్క కాదండీ. ఏదో బయట ప్రోగ్రాం నుంచి లాగుతున్నారు. నేను కళ్లారా చూశాను." ఆ మాట నేను ఒక్కరికే చెప్పాను. వారం తిరక్కుండా అమలాపురం నుంచి కొత్తపేట దాకా పురోహితులందరికీ తెలిసింది.

రుజువు చూపించమన్నారు రాజుగారు. మాక్రో మళ్లీ తెరిచాను. ఈసారి మొదటి నుంచి చివరి దాకా చదివాను. బయటి ప్రోగ్రాము తెచ్చిన అంకె ఒక్కటి కూడా పంచాంగం షీటులోకి వెళ్లడం లేదు. మేష్టారి అంకె పక్కన దాన్ని పెట్టి, రెండూ కలవకపోతే ఆ గడిని ఎర్రగా చేయడమే దాని పని. ఎర్రబడ్డ చోటల్లా ఆయన మళ్లీ చేత్తో లెక్క వేసుకునేవారు. తన తప్పులు ఎన్నో నేను చూడకూడదని మంచినీళ్లకు పంపేవారు. దాచిందల్లా అదే. నేను నిద్రపుచ్చిన లైను అలాగే ఉంది. షీటు ఆగకపోవడంతో, బయటి ప్రోగ్రాము లెక్క రాయకముందే మాక్రో చూసుకుని వెళ్లిపోయింది. పోల్చడానికి ఏమీ లేదు కనక ఎర్రబడింది ఏమీ లేదు. గుర్తు తీసేసి మళ్లీ నడిపాను. గడులు ఎర్రబడుతూ వచ్చాయి, చాలావరకు ఒకటి రెండు నిమిషాల తేడాలు. మార్గశిర బహుళ అష్టమి, అంటే సూర్యనారాయణగారి తండ్రి తిథి, ఆ గడి కూడా ఎర్రగా ఉంది. నోటు పుస్తకంలో పగలు 3-10 అని స్పష్టంగా ఉంది. షీటులో పగలు 1-10 అని ఉంది. ఒంటిగంటా పదికే ముగిస్తే అపరాహ్ణానికి తిథి ఉండదు కనక తద్దినం ముందు రోజుకు జరిగిపోయింది. కీబోర్డులో అంకెల వైపు ఒకటీ మూడూ కింది వరసలోనే ఉంటాయి. వేలు జారింది నాది.

రాజుగారికి రుజువు దొరకలేదని చెప్పాను. దొరికిందేమిటో చెప్పలేదు. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఇంటి అద్దె, పిల్ల బడి, అన్నీ అప్పుడు పెద్ద కారణాల్లాగే కనబడ్డాయి. మరుసటి ఏడు మా ప్రెస్సు ఆయన పంచాంగం వేయలేదు. ఇంకెవరూ వేయలేదు.

చెప్పేద్దామనే ఒకసారి నగరం వెళ్లాను. వరండాలో కూర్చుని ఎవరో పిల్లకి త్రికోణమితి చెబుతున్నారు. నన్ను చూసి కుర్చీ తెప్పించేరు. నేను నోరు తెరిచేలోపే ఆయనే అన్నారు, "తప్పు ప్రూఫులో పట్టుకోవలసింది బాబ్జీ. ఒక్కటీ ఎర్రబడలేదంటే అనుమానించాలి. అనుమానించేను కూడా. నువ్వు కాదన్నావు కదా అని వదిలేసేను. నీ మాట మీద నెట్టేయడం నాదే తప్పు, నీదేం లేదు." నాకు కాఫీ ఇచ్చేరు. తాగి వచ్చేశాను. మేష్టారు నన్ను అనుమానించి కూడా నమ్మేరు. నేను ఏ కారణమూ లేకుండా అనుమానించి, ఆ అనుమానాన్నే నమ్మేను.

ఆయన పోయి మూడేళ్లయింది. రాజోలు నుంచి వచ్చిన మర్నాడు మామిడికుదురు వెళ్లి సూర్యనారాయణగారికి మొత్తం చెప్పాను. ఆయన కొబ్బరికాయలు వలిపిస్తున్నవాడు పని ఆపించి, చివరి దాకా విన్నాడు.

"ఇది మేష్టారికి చెప్పేరా?"

"లేదండీ."

"మరి నాకెందుకండీ చెప్పడం? సొంత లెక్క కాదని విని నేను ఆయన్ని నలుగురిలో అన్న మాటలు ఎవరు వెనక్కి తెస్తారు?"

ఆయనకు నమస్కారం పెట్టి లేచి వచ్చాను. ఇప్పుడు నాకు సొంత డీటీపీ సెంటరు ఉంది. తప్పు ఒక్కటీ కనబడని ప్రూఫు మీద నేను సంతకం పెట్టలేను. ఇంకో మనిషి చేత చదివించి, వాళ్లు ఏదో ఒకటి పట్టుకున్నాకే పెడతాను. దాన్ని జాగ్రత్త అని మెచ్చుకునేవాళ్లు ఉన్నారు. అది జాగ్రత్త కాదు.

కామేశ్వరశర్మ మేష్టారు తన లెక్క తానే చేసుకున్నారు. ఆయన వేసిన చివరి పంచాంగం మీ ఇళ్లలో ఎక్కడైనా మిగిలి ఉంటే, మార్గశిర బహుళ అష్టమి దగ్గర పగలు ఒంటిగంటా పది నిమిషాలని ఉంటుంది. దయచేసి ఆ ఒకటి కొట్టేసి, పైన మూడు వేసుకోండి.