అన్ని గుమ్మాలకూ వేపమండలు

నా చిన్నప్పటి సంగతుల్లో తేదీ, వారం, గంటతో సహా గుర్తున్నది ఒక్కటే. 1968వ సంవత్సరం మార్చి 12, మంగళవారం, ఉదయం ఎనిమిది గంటలు. అప్పుడు నేను నాలుగో తరగతి చదువుతున్నాను. బడిలో నల్లబల్ల మీద తేదీ వేసే వంతు ఆ రోజు నాది. సుద్దముక్కతో వారం పేరు రాస్తూండగా కిటికీ అవతల మా పెదనాన్న ఎద్దుబండి వచ్చి ఆగింది. బండి నిండా వేపమండలు ఉన్నాయి.

మాది కోటబొమ్మాళి స్టేషనుకు బండి ప్రయాణమంత దూరంలో ఉన్న పల్లె. మా పెదనాన్న ఆ ఊరి పంచాయతీ ప్రెసిడెంటు. మా నాన్నకు స్వయానా అన్న. ఆ ఏడు మా నాన్న దూరదేశంలో జూట్ మిల్లు పనికి వెళ్ళి ఉండడంతో మా ఇంటికీ ఆయనే పెద్ద. మా అమ్మ, నేను, రెండేళ్ళయినా నిండని మా తమ్ముడు ఆయన నీడలో ఉండేవాళ్ళం. ఆయన మంచివారు. ఈ మాట ముందుగా చెప్పకపోతే తరువాత రాసేది సరిగా అర్థం కాదు.

మా ప్రాంతంలో అమ్మవారు సోకిన ఇంటికి ఒక పద్ధతి ఉండేది. గుమ్మానికి వేపమండ కట్టేవారు. అది కనబడితే పరాయివాళ్ళు ఆ గడప తొక్కేవారు కారు. ఆ ఇంట్లో పోపు వేసేవారు కారు. ఆ ఇంటి నుంచి ఏ వస్తువూ బయటికి ఇచ్చేవారు కారు. చదువు రాని పల్లెకు ఆ వేపమండే ప్రకటన, అదే హెచ్చరిక.

ఆ మంగళవారానికి ముందే ఊరి చివరి వీధిలో ఒక గుమ్మానికి వేపమండ కనబడింది. అది ఆటలమ్మేనని పెదనాన్న అందరికీ చెప్పారు. ఆటలమ్మ పిల్లలకు వచ్చి పోయేది కనుక ఎవరూ కంగారుపడలేదు. అది ఆటలమ్మ కాదనీ, మశూచి అనీ టెక్కలి నుంచి వచ్చిన కంపౌండరు ఆయనకు అప్పటికే చెప్పి ఉన్నాడు. ఆ సంగతి మాకు తరువాత తెలిసింది.

గురువారం మా ఊరి సంత. అది బెల్లం రోజులు. ఊరి చెరకంతా గానుగలాడి దిమ్మలై ఇళ్ళలో పేరుకొని ఉంది. మశూచి అన్న మాట పొక్కితే ఒక్క షావుకారు కూడా రైలు దిగడు. అందుకని పెదనాన్న ఒక ఉపాయం ఆలోచించారు. బండితో వేపమండలు తెప్పించి, "ఈ ఏడు అమ్మోరికి ముందుగానే సల్లదనం సేసీద్దాం. అందరి గుమ్మాలకీ కట్టండి" అని వీధి వీధికీ పంచారు. బడికి సెలవిచ్చారు. మేము పరుగులు తీస్తూ గుమ్మం గుమ్మానికీ మండలు అందించాము. సాయంత్రానికి ఊరంతా పచ్చగా పండుగలా కనబడింది. జబ్బున్న ఇల్లు ఏదో, లేని ఇల్లు ఏదో ఇక ఎవరూ చెప్పలేరు.

గురువారం సంత బాగా సాగింది. షావుకార్లు తోరణాలు చూసి జాతర ఎప్పుడని అడిగారు. ఆ రాత్రి వాళ్ళింట్లో భోజనం దగ్గర పెదనాన్న మాతో ఒక మాట అన్నారు. "జబ్బు నడుస్తాదమ్మా, భయం పరిగెడతాది. ముందు భయాన్ని కట్టెయ్యాల." ఎంత తెలివైన మాట అనుకున్నాను. బడిలో స్నేహితురాళ్ళకు కూడా చెప్పాను.

ఆ మరుసటి వారంలో ఒక సాయంత్రం మా అమ్మ తమ్ముడిని చంకన వేసుకొని, నన్ను గిన్నె పట్టుకోమని, పెరుగు తోడుకోసం పక్కింటి అక్క దగ్గరకు వెళ్ళింది. గుమ్మానికి వేపమండ ఉంది. మా గుమ్మానికీ ఉంది. ఊళ్ళో లేని గుమ్మమే లేదు. మామూలు రోజుల్లో అయితే ఆ మండ చూసి మా అమ్మ గడప దాటేది కాదు.

"ఏటమ్మా, మీ ఇంట ఈయాల పోపు వాసనే నేదు?" అని అమ్మ నవ్వుతూ అడిగింది.

"ఎండలు కదొదినా, సన్నీళ్ళన్నంతో సరిపెట్టీసినాం" అన్నది అక్క.

"మరి మీవోడేడీ? గంతులేటీ ఇనబడ్డం నేదు."

"అమ్మమ్మ ఊరెల్లినాడు."

అక్క ఒక్క క్షణం గిన్నె వంక చూస్తూ నిలబడింది. తరువాత లోపలికి వెళ్ళి ఒక గరిటెడు మజ్జిగ తెచ్చి పోసింది. ఈలోగా అమ్మ కిందికి దింపిన తమ్ముడు తప్పటడుగులతో లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. అక్క పరుగున వెళ్ళి వాడిని ఎత్తుకొచ్చి అమ్మ చేతిలో పెట్టింది. కుండలు దొర్లిస్తాడని కాబోలు అనుకొని అమ్మ వాడిని ముద్దుగా కసిరింది. ఆ గదిలో అక్క కొడుకు ఒళ్ళంతా పొక్కులతో అరటాకు మీద పడుకొని ఉన్నాడు.

రెండు వారాలు తిరగకుండానే తమ్ముడికి జ్వరం వచ్చింది. తరువాత ముఖం మీద, అరచేతుల మీద, అరికాళ్ళ మీద పొక్కులు లేచాయి. నా జబ్బ మీద టీకా మచ్చ ఉంది. వాడికి లేదు. కిందటి శీతకాలంలో టీకాలవాళ్ళు వచ్చినప్పుడు వాడికి దగ్గుగా ఉందని, తరువాత వేయించవచ్చని ఊరుకున్నారు. వాడు పాలు తాగడం మానేశాడు. తరువాత ఏడవడం మానేశాడు. ఒక ఉదయం అమ్మ వాడి మీద గుడ్డ కప్పింది. అమ్మవారు తీసుకెళ్ళిన బిడ్డ కోసం ఏడవకూడదని పెద్దవాళ్ళు అన్నారు. అమ్మ ఏడవలేదు. నేను కూడా ఏడవలేదు. ఏడవకూడదన్నందుకు మానుకున్నానో, అసలు ఏడుపే రాలేదో నాకు ఈనాటికీ తెలియదు. ఆ రోజు మధ్యాహ్నం ఆకలి వేసిందని మాత్రం గుర్తు. అన్నం తిన్నాను. అన్నానికి రుచి లేదు.

పక్కింటి అక్క వచ్చి మా గడప అవతలే కూలబడింది. ఆమె కొడుకు బతికాడు. ఒక కన్ను పోయింది. "నేదంటే తెలిసిపోతాదనీసి ఇచ్చీసినానొదినా" అన్నది. "ఈ సంతొక్కటీ దాటీదాకా నోరెత్తొద్దన్నారు పెద్దాయన. దాటినాక ఇంకో సంతన్నారు." అమ్మ గడప ఇవతల కూర్చుంది. ఆమెను వెళ్ళమనలేదు.

ఆ వారమే బుధవారం సాయంత్రం పెదనాన్న వచ్చారు. మరునాడు మళ్ళీ సంత. ఆయన వసారాలో కూర్చొని తుండుతో ముఖం తుడుచుకుంటున్నారు. మా ఇళ్ళలో తమ్ముడి భార్య బావగారి ఎదుటికి రాదు. ఏదైనా చెప్పాలంటే తలుపు చాటున నిలబడి పిల్లలతో చెప్పిస్తుంది. అప్పటిదాకా మా అమ్మ గొంతు ఆయన నేరుగా విని ఉండరు. ఆ సాయంత్రం అమ్మ చెంగు తలమీదికి లాక్కొని వసారాలోకి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"రేపు సంతలో సెప్పీయండి బావగారూ."

ఆయన తల ఎత్తలేదు. "సెప్తే ఊరు సెదిరిపోతాదమ్మా. సెప్పినాను కదా, భయం..."

"భయముంటే నా బిడ్డని సంకనేసుకుని ఆ గడప తొక్కుదునా? నా భయం మీరు దాసీసినారు. దాయడానికి మీకెవులిచ్చినారు?"

గొంతు పెంచలేదు. అరువు తెచ్చిన చాట తిరిగి ఇవ్వమని అడిగినట్టు అడిగింది. పెదనాన్న తుండు భుజాన వేసుకొని లేచి వెళ్ళిపోయారు. చెప్తారో లేదో మాకు తెలియలేదు. చెప్పకపోతే రేపు సంతలో ఏ తల్లి ఏ బిడ్డను చంకన వేసుకొని ఏ గుమ్మం దాటుతుందో అని అమ్మ ఒక్కసారి అన్నది.

గురువారం సంతకు అమ్మ నన్ను వెంటబెట్టుకొని వెళ్ళింది. కొనడానికి కాదు. బెల్లం బండ్ల వరుస పక్కన నిలబడింది. పొద్దెక్కేసరికి పెదనాన్న డప్పు వేయించి ఒక బండి మీదికి ఎక్కారు.

"ఇది ఆటలమ్మ కాదు. మశూచి. మొదటి దినం నుంచీ నాకెరికే" అన్నారు.

"పొద్దున్నే కల్లు తాగీసినావేటి మావా?" అని ఎవరో అరిచారు. సంతంతా నవ్వింది.

"తాగనేదురా అల్లుడా. మా తమ్ముడి కొడుకుని పాతిపెట్టీసి వచ్చినాను."

నవ్వు ఆగిపోయింది. ఆయన మా ఇంటితో మొదలుపెట్టి, జబ్బున్న ఇళ్ళన్నీ వీధుల వారీగా చెప్పారు. వేపమండలు కట్టించింది భక్తితో కాదని, షావుకార్లకు తెలియకూడదని చెప్పారు. ఇంకా ఎవరికి సోకి ఉంటుందో, ఎప్పటికి తగ్గుతుందో తనకు తెలియదన్నారు. టీకా వేయించుకున్నవాళ్ళకు అంతగా రాదని కంపౌండరు చెప్పిన మాట ఒక్కటే తనకు తెలుసునన్నారు. "నాను బండి కట్టుకుని ఇప్పుడే ఎల్తన్నాను, టీకాలోళ్ళని తెస్తాను. పిల్లల్ని గాదెల్లో దాయకండి."

"ఇన్ని సంతలు బెల్లం కొట్టిన రాయిలాగ కూసుని ఇప్పుడు సెప్తన్నావా!" అని ఒక ముసలామె చేతులు తిప్పుతూ తిట్టింది. "నీ పెసిడెంటుగిరీ తగలెయ్య! నా మనవరాలిని పొరుగింటోళ్ళ గుమ్మంలోనే ఆడించినాను కదరా!" ఆయన ఆ తిట్లన్నీ నిలబడి విన్నారు. బండి దిగలేదు, చేతులు జోడించలేదు, సమర్థించుకోలేదు. ఆమె అలసిపోయి ఆగాక, ఆ పిల్ల ఏ ఇంట ఆడిందో అడిగి, ఆ ఇంట జబ్బు ఉన్నదని చెప్పారు.

ఆయన భయపడినదంతా జరిగింది. షావుకార్లు కాటాలు సర్దుకొని స్టేషను దారి పట్టారు. బెల్లం ఇళ్ళలోనే ఉండిపోయి, తరువాతి ఎండలకు కారి చీమలపాలైంది. ఆ సాయంత్రమే కొన్ని కుటుంబాలు బండ్లు కట్టుకొని బంధువుల ఊళ్ళకు వెళ్ళిపోయాయి. వాళ్ళు జబ్బును కూడా వెంట తీసుకువెళ్ళారో లేదో ఎవరికీ తెలియదు. మా ఊళ్ళో ఆ తరువాత కూడా చావులు జరిగాయి. నిజం చెప్పగానే జబ్బు ఆగిందని రాస్తే అది మరొక అబద్ధమవుతుంది.

కాని టీకాలవాళ్ళు వచ్చినప్పుడు తల్లులు పిల్లలను దాచలేదు. పెదనాన్న ఇంటింటికీ తిరిగి, జబ్బు లేని గుమ్మాల నుంచి వేపమండలు తన చేత్తో తెంపారు. కొందరు ఆయన ఎదుటే తలుపు వేసుకున్నారు. మా అమ్మ మాత్రం ఆయనకు వసారాలో మంచినీళ్ళు ఇచ్చింది. ఆయన తాగారు. క్షమించావా అని అమ్మను నేను ఎన్నడూ అడగలేదు. పెద్దయ్యాక అడగవచ్చుననుకున్నాను. పెద్దయ్యాక ఆ ప్రశ్నకు అర్థం లేదనిపించింది.

మా ఇంట డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఉపాధ్యాయురాలిగా పనిచేసి శ్రీకాకుళంలో పదవీ విరమణ చేశాను. మొన్నటి కరోనా రోజుల్లో టీవీ ముందు కూర్చొని నాయకుల మాటలు వినేదాన్ని. భయపడవలసినది లేదని ఎవరైనా అన్నప్పుడల్లా, ఈయన దగ్గర మన భయం ఎంత దాచిపెట్టి ఉందో అని ఆలోచించేదాన్ని. అంతా తెలిసినట్టు మాట్లాడేవాళ్ళ కంటే, ఇది నాకు తెలియదు అని నిలబడి చెప్పగలిగిన వాళ్ళ కోసమే వెతికాను. అలాంటివాళ్ళు ఉన్నారు, తక్కువ మంది. పాలకులు ప్రజలను కాపాడడానికే నిజం దాస్తారని వాదించే చదువుకున్న స్నేహితులు నాకు ఉన్నారు. వాళ్ళు చెడ్డవారు కారు. మా పెదనాన్న కూడా కారు. ఆయన మంచితనమంతా ఉండగానే మా తమ్ముడు పోయాడు. ఆ రోజు నుంచి నేను మోస్తున్నది ఈ ఒక్క ఎరుక. జనానికి భయం కలగడం వేరు, ఎక్కడ భయపడాలో తెలియకపోవడం వేరు. మొదటిది కొందరిని ఊరు దాటిస్తుంది. రెండోది బిడ్డను చంకన వేసుకొని నవ్వుతూ లోపలికి నడిపిస్తుంది.

ఆ తరువాత మారినవి ఇవి. తరువాతి ఎన్నికల్లో మా పెదనాన్న ఓడిపోయారు. మా నాన్న మిల్లు పని మానుకొని ఊరికి వచ్చేశాడు. మా ఊళ్ళో ఏ ఇంట జబ్బు వచ్చినా ప్రెసిడెంటుకు చెప్పి ఊరుకోవడం మానేశారు. ఆ ఇంటివాళ్ళే వీధిలోకి వచ్చి నలుగురికీ చెప్పడం మొదలుపెట్టారు.