కుడికి తిరగని మిషన్

రోశమ్మ మొగుడు చెన్నకేశవులు పోయి ఏడాదైంది. ఈ ఏడాదిలో ఆమె కంట ఒక్క చుక్క రాలలేదు. ఊరికి అది వింత. వరసకు మరిదినైన నాకు మాత్రం ఊరే వింత. బేస్తవారిపేటలో బ్రాందీ షాపు ఎదుట రోడ్డు దాటుతూ లారీ కింద పడ్డాడని తెలియగానే, చూసినవాడూ చూడనివాడూ తాగే పడ్డాడని తేల్చేశారు. శవం ఇంటికి చేరకముందే ఆ మాట చేరింది.

ఒకప్పుడు తాగేవాడే. చిన్న పొక్లెయిన్ కొన్న రోజున భార్య నెత్తిన చెయ్యి పెట్టి మానేస్తానని ఒట్టేశాడు, మానేశాడు కూడా. ఆ మిషన్‌తో పెద్దారవీడు చుట్టుపక్కల బత్తాయి తోటల్లో గుంతలు తీశాడు, పైపులకు కాలవలు తవ్వాడు. ఆ ఒట్టు గురించి రోశమ్మ నలుగురిలో గొప్పగా చెప్పుకునేది. అందుకే చావు కంటే ఒట్టు తప్పాడన్న మాటే ఆమెను ఎక్కువ కోసింది.

“నా నెత్తిన పెట్టిన చేత్తోనే సీసా పట్టినాడు. అట్లాంటోనికి ఏడుపేంది?” అనేది ఓదార్చడానికి వచ్చినవాళ్లతో.

మొన్న ఆ మిషన్‌ను అమ్మకానికి పెట్టింది. దొనకొండ నుంచి ఒక ఆసామి వచ్చాడు. అది ఇంకెన్నాళ్లు పనిచేస్తుందో తేల్చడానికి మార్కాపురం మెకానిక్ మొహిద్దీన్ బాషాను వెంట తెచ్చుకున్నాడు. ఎన్ని గంటలు తిరిగిందో చూపించే మీటరు వైపు బాషా కన్నెత్తి చూడలేదు. మీటరు చేత ఏమైనా చెప్పించవచ్చునట. రోశమ్మ వేయించిన కొత్త రంగునూ లెక్కచేయలేదు. బకెట్టును నేలకు ఆనించి మిషన్‌ను కొంచెం పైకి లేపించి, కీళ్ల దగ్గరి పిన్నులు ఊగుతున్నాయేమో చూశాడు. తర్వాత పైభాగాన్ని మెల్లగా చుట్టూ తిప్పించాడు. ఎడమకు తిరిగినప్పుడు లోపల పళ్లచక్రం టకటక కొట్టుకుంది. కుడికి తిరిగినప్పుడు చప్పుడే లేదు. వంగి కుడివైపు వెనక రేకు తడిమాడు. రంగు కింద సొట్ట మీద సొట్ట.

“ఇంజను గట్టిది. పళ్లచక్రం మారిస్తే ఇంకా ఏడెనిమిదేళ్లు ఢోకా లేదు,” అని ఆసామితో చెప్పి, రోశమ్మ వైపు తిరిగాడు. “అక్కా, మీ ఆయనకు కుడికన్ను కనపడేది కాదా?”

“అదేం మాట భాయ్? బాగనే కనపడేది.”

“మట్టి ఎడమకు పోసేది అందరికీ అలవాటే. కానీ పళ్లు ఒక్క ఎడమకే అరిగినాయి, ఈయన కుడికి అసలు తిప్పనే లేదక్కా. ఎడమకు తిప్పితే వెనక భాగం కుడికి వస్తాది, అది కనపడక గట్టుకో చెట్టుకో కొట్టినాడు. ఈ సొట్టల్లో రంగు కింద తుప్పు గరుకు గూడా తగలట్లే, ఆయన పోయేముందటివే. మా అబ్బాజాన్ గూడా ఇట్లనే దాచినాడు. కన్ను పోయిందంటే పనికి ఎవరు పిలుస్తారు?”

రోశమ్మ నా వైపు చూసింది. ఆ రోజు శవాన్ని తెచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను.

“మరిదీ, లారీ ఏ పక్క నుంచి వచ్చింది?”

“కుడి పక్క నుంచే వదినా.”

ఆమె మిషనెక్కి సీట్లో కూర్చుంది. కుడికన్ను అరచేత్తో మూసుకుని రోడ్డు వైపు చూసింది. చాలాసేపు అట్లాగే చూసింది. ఆసామి బేరం ఎత్తబోతే బాషా చెయ్యి అడ్డం పెట్టాడు. కంటి మీది చెయ్యి తియ్యకుండానే రోశమ్మ భోరుమంది.

“నాకొక్క మాట చెప్పింటే, చెయ్యి పట్టుకోని రోడ్డు దాటించేదాన్ని గదయ్యా!”