ముక్కు కింద దూది

నేను చచ్చి బతికినవాణ్ణి. పొందూరులో మా వీధంతా నా కోసం ఏడ్చింది.

మొన్న వేసవిలో మధ్యాహ్నం భోంచేసి అరుగు మీద కునుకు తీశాను. నా గురక ఉన్నట్టుండి ఆగిపోయింది. రాట్నం ముందున్న మా ఆవిడ పరుగున వచ్చి, చేతిలోని దూదిపింజ నా ముక్కు కింద పెట్టింది. ఊపిరుంటే కదలాలి. కదల్లేదు.

"మావ పోనాడర్రా," అని శోకాలు మొదలెట్టింది. ఎదురింటి అప్పన్న పాడెకు వెదురు కోసం బయల్దేరాడు. ఆ గోలకు కళ్లు తెరిచి, "ఎవులు పోనారే?" అనడిగాను.

ఏళ్ల తరబడి సైనస్ వాపుతో ముక్కు లోపలి పొర ఉబ్బి, ద్రాక్షగుత్తుల్లా కండ పెరిగిందని శ్రీకాకుళం డాక్టరు తేల్చాడు. నేను పీల్చేదంతా నోటితోనే. మూసుకున్న ముక్కు కింద దూది ఎలా కదులుతుంది? అయితే నిద్రలో గొంతు కూడా మూసుకుపోయి ఊపిరి కాసేపు నిజంగానే ఆగుతోందనీ, అశ్రద్ధ చేస్తే ప్రమాదమనీ హెచ్చరించాడు. ఇప్పుడు ఊపిరి ఆగకుండా గాలి ఊదే మిషను మాస్కు తగిలించుకుని పడుకుంటున్నాను.

చచ్చానన్నది కాస్త పెంచి రాశాను, ఒప్పుకుంటున్నాను. వీధంతా ఏడ్చిన మాట మాత్రం నిజం.

ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ అంది: "వీధంతా ఏటి? ఏడిసింది నానొక్కదాన్నే. మిగతావోలంతా ఇకనైనా గురక బాధ తప్పినాదనుకున్నారు."