గంట ముందు చూసిన జీపు

చిత్తూరు ఆంధ్రకు పోతుందో, మద్రాసులోనే ఉంటుందోనని రాయవేలూరు బస్సుల్లో జనం వాదులాడుకుంటున్న రోజులవి. మిలిటరీవాళ్ళు వాడి వదిలేసిన జీపు ఒకటి గుడియాత్తంలో అమ్మకానికి ఉందంటే బస్సెక్కాను. మా కొండదారికి నాలుగు చక్రాలూ లాగే బండే కావాలి.

పక్కన ఆకువక్క నములుతున్న అవ్వ నా సంగతంతా రాబట్టింది.

"పదికి రమ్మన్నాడా? తొమ్మిదికే పో నాయనా. ఎనుమును అమ్మేవాడు సంతనాడు పాలు పిండకుండా తోలుకొస్తాడు, పొదుగు నిండుగా అగుపడాలని."

"జీపుకు పొదుగు యాడుంటాది అవ్వా?"

"యాడో ఒకచోట ఉంటాది, పోయి చూడు," అని విరించిపురంలో దిగిపోయింది.

తొమ్మిదికే వెళ్ళాను. అమ్మే పెద్దమనిషి, ఇంకో ముగ్గురు చెమటలు కక్కుతూ జీపును తోస్తున్నారు. చల్లగా ఉంటే అందుకోని ఇంజన్, నేనొచ్చేసరికి వేడెక్కి ఉండాలని వాళ్ళ తంటా. నన్ను చూసి ఆయన నాలుక కరుచుకుని, "వచ్చినావు కదప్పా, నువ్వూ ఒక చెయ్యి వెయ్యి," అన్నాడు. నవ్వుకుంటూ తోశాను. రోగం తెలిసింది కనుక ధైర్యంగానే కొన్నాను.

తర్వాత పెళ్ళిచూపులకూ గంట ముందే వెళ్ళాను. పిల్ల మాసిన చీరలో, చీపురెత్తి వాకిట్లో కోతిని తరుముతోంది. ఇన్నేళ్ళూ చలిపొద్దున జీపు మొరాయిస్తే, నన్ను తిడుతూ వెనకనుంచి తోసింది ఆమే.