కొండచరియ కింద గాలింపు ఆపిన రోజు

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఒక జూలై నెలలో, టౌరంగా నగరానికి దూరంగా అడవిలో ఉన్న ఒక పాత రైలు దారికి నన్ను అత్యవసరంగా పంపారు. నేను జియోటెక్నికల్ ఇంజనీర్‌ని. కొండవాలు నిలుస్తుందా, జారుతుందా అన్నది చూసి చెప్పడం నా పని. కాకినాడలో చదువుకుని, ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం న్యూజిలాండ్‌లోనే గడిపాను.

ఆ దారిలో పట్టాలు ఎప్పుడో తీసేశారు. ఇప్పుడది నడక బాట. పాత ఇంజన్లు నిటారు ఎత్తులు ఎక్కలేవు గనుక రైలు దారిని చదునుగా వేస్తారు. అందుకే చంటిపిల్లల తోపుడుబండ్లతో కూడా జనం అక్కడికి వస్తారు. ఇరువైపులా తాటిజాతి నికావ్ చెట్లు, తలకు పైన గొడుగులు పట్టినట్టు ఫెర్న్‌లు. ఆ చదును కోసం కొండను నిలువుగా కోశారన్న సంగతి నడిచేవాళ్ల మనసులోకి రాదు. రైళ్లు తిరిగిన కాలంలో గ్యాంగ్‌మన్లు గట్టు మీది కాలువల్లో చెత్త తీసేవారు. తరవాత ఆ కాలువలు అడవిలో కలిసిపోయాయి. వాన నీళ్లు నేరుగా మట్టిలోకి దిగుతున్నాయి.

రవీందర్, సునీత దంపతులు కరీంనగర్ వాళ్లు. టౌరంగాలో డెయిరీ నడిపేవారు. వీధి మూల కిరాణా కొట్టును అక్కడ అలాగే అంటారు. వారమంతా కురిసిన వాన తెరిపి ఇచ్చిందని ఆ ఉదయం నడకకు వచ్చారు. దారిలో మళ్లీ చినుకులు మొదలయ్యాయి. ఆమెను బాట మీదే ఉండమని, ఆమె జాకెట్ తేవడానికి ఆయన కారు దగ్గరికి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి బాట ఉండాల్సిన చోట మట్టి, విరిగిన చెట్లు ఉన్నాయి.

గాలింపు బాధ్యత పోలీసులది. మట్టి మీదకు మనుషుల్ని పంపవచ్చా అన్న సలహా నాది. నేను వెళ్లేసరికి వాలంటీర్లు పారలతో తవ్వుతున్నారు. పక్కనుంచి కొండెక్కి, జారిన చోటుకు పైన వెతికితే నేలలో పొడవాటి పగులు కనిపించింది. దానికి అటూ ఇటూ గుంజలు పాతి మధ్య దూరం కొలిచాను. కాసేపాగి మళ్లీ కొలిస్తే పెరిగింది. ఇంకోసారి కొలిస్తే ఇంకా పెరిగింది. కింద పడిన దానికంటే పెద్ద ముక్క పైన వదులుగా ఉంది. అందరినీ వెంటనే బయటికి రప్పించమని రేడియోలో చెప్పాను. సార్జెంట్ కారణం ఒకసారి అడిగి, రప్పించారు.

భర్తకు తానే చెప్తానని సార్జెంట్ అన్నారు. సలహా నాది, ఆ భర్తది నా భాష. నేనే చెప్తానన్నాను.

రవీందర్ గారు ఆ జాకెట్ చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు. నేను తెలుగులో మొదలుపెట్టగానే ఆయన ముఖంలో ఆశ కనిపించింది. అది చూడటం కష్టమైంది.

“మేడమ్, ఆమె ఫోన్ మోగుతున్నది. నేను చేస్తే రింగ్ వస్తున్నది. అంటే ఉన్నట్టే గద?” అన్నారు.

ఫోన్ పనిచేస్తోందనే తప్ప, దాన్నిబట్టి మనిషి సంగతి తెలియదని చెప్పాను. పైన పగులు పెరుగుతోందని, ఆగేదాకా ఎవరినీ పంపలేమని చెప్పాను.

“వాళ్లు రాకున్నా మంచిదే. నన్నొక్కణ్ణి పోనియ్యుండ్రి.”

“మిమ్మల్నీ పంపలేనండీ.”

“అక్కడ మీ ఇంటాయన ఉంటే?”

“అప్పుడు ఈ నిర్ణయం నన్ను తీసుకోనివ్వరు. ఇంకొకరు వచ్చి ఇదే చెప్తారు.”

ఆయన మళ్లీ ఫోన్ చేశారు. మట్టి వైపు నుంచి ఏ శబ్దమూ వినబడలేదు. ఆయన చెవి దగ్గర మాత్రం రింగ్ అవుతూనే ఉంది. చీకటి పడకముందే అదీ ఆగిపోయింది.

వాన తగ్గి, పగులు కదలడం మానేశాక యంత్రాన్ని దించి తవ్వించాం. ఆమె గట్టు మొదట్లోనే దొరికారు. ఎంతసేపు బతికి ఉన్నారో తేల్చలేమని వైద్యులు రాశారు. మరణ విచారణలో నా కొలతలు చూసి గాలింపు ఆపడం సరైనదేనన్నారు. బయట వరండాలో రవీందర్ గారు నా దగ్గరికి వచ్చారు.

“ఆ పైన ఉన్నది, తర్వాత పడ్డదా మేడమ్?”

“లేదు. పడలేదు.”

ఆయన తల ఊపి వెళ్లిపోయారు. ఆ తరవాత మేము కలుసుకోలేదు.

ఆ ముక్క పడి ఉంటే, గాలింపు ఆపడం సరైనదేనా అన్నదానికి ఇద్దరికీ ఒక జవాబు దొరికేది. ఈ వృత్తిలో అది చాలాసార్లు దొరకదు. ‘వద్దు’ అన్న ఇంజనీరు ఆ క్షణంలో చేతిలో ఉన్న కొలతలను బట్టే అనాలి. తరవాత కొండ తనను సమర్థిస్తుందని ఎదురుచూడకూడదు. ఆ మాట ఎవరి బతుకు మీద పడుతుందో వాళ్ల ఎదుట నిలబడి తానే చెప్పాలి. నా తరవాత వచ్చినవాళ్లకు నేర్పింది ఇంతే.