శుక్రవారం బండి చప్పుడు

గల్ఫ్‌లో, అల్ వుకైర్‌లో నేను డ్రైవర్‌గా పనిచేసిన ఇంటి ప్రహరీ పక్కన ఒక పాత డీజిల్ పికప్ ఉండేది. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక గొర్రెలనో గడ్డి మోపులనో వేసుకునే తొట్టి. ఒకప్పుడు లేత పసుపు రంగట. నేను చేరేనాటికే ఇసుకకీ దానికీ తేడా లేదు. ఇంట్లో మెరిసే బళ్ళు మూడున్నాయి. వాటికోసమే నన్ను కడప జిల్లా నుంచి పిలిపించారు. అయినా ఇంటి పెద్దాయన, మేమంతా బాబా అని పిలిచే ముసలాయన, మొదటిరోజు నన్ను కూర్చోబెట్టింది ఈ పికప్‌లోనే. గేరు వేయడం చూసి "లారీ నడిపావు కదూ?" అన్నారు. ఆ రోజు నుంచి దాని తాళం నా చేతికీ ఇచ్చేవారు, ఒక్క శుక్రవారం తప్ప.

శుక్రవారం మసీదుకు తానే నడుపుకుంటూ వెళ్ళేవారు. తిరిగొచ్చి గోడ పక్కన ఆపి, ఇంజన్ ఆపే ముందు యాక్సిలరేటర్ తొక్కి రెండుసార్లు గట్టిగా రేజ్ చేసేవారు. బండికి దాని అవసరమేమీ లేదు. డీజిల్ దండగ కదా బాబా అని ఒకసారి అన్నాను కూడా. నవ్వి ఊరుకున్నారు. పోనుపోను నాకూ అదే అలవాటైంది.

చలికాలం మొదట్లో, జనం ఎడారిలో టెంట్లు వేసుకునే రోజుల్లో, ఆయన పోయారు. ఆసుపత్రికి తీసుకెళ్ళింది నేనే. ఖననం రోజు వచ్చినవాళ్ళ బళ్ళు సర్దుతూ శ్మశానం గోడ బయట నిలబడ్డాను. ఆ తరువాత ఇంటికి వచ్చేపోయేవాళ్ళకు నీళ్ళ సీసాలు అందించాను. పనివాడు ఏడిస్తే చూడ్డానికి బాగుండదు. నా గదిలోకి పోయి, ఏసీ పెద్దగా పెట్టుకుని ఏడ్చాను.

పెద్దావిడ ఇద్దత్‌లో కూర్చున్నారు. భర్త పోయిన ఆడవాళ్ళు నాలుగు నెలల పైన గడప దాటరు, పరాయి మగవాళ్ళకు ఎదురుపడరు. ఆవిణ్ణి మేం మామా అనేవాళ్ళం. అక్కడ ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తారు. నేను ఫోన్‌లో "మామా పిలుస్తోంది" అన్నప్పుడల్లా మా ఆవిడ పగలబడి నవ్వేది. నిజంగానే రోజుకు పదిసార్లు "డ్రైవర్!" అని ఇల్లు ఎగిరిపోయేట్టు కేకేసేవారు. ఎన్నోసార్లు విసుక్కున్నాను. ఆ కేక ఒక్కసారిగా ఆగిపోయేసరికి ఇంటికి మాట పడిపోయినట్టయింది. ఇక ఏం కావాలన్నా వంటింట్లో పనిచేసే గోదావరి జిల్లా అక్క వచ్చి చెప్పేది.

పికప్‌కు కవర్ కప్పి వదిలేశారు. దాన్ని చూసుకోమని నాకెవరూ చెప్పలేదు. కానీ డీజిల్ బండిని ఊరికే నిలబెడితే పాడవుతుందని లారీ తోలినవాడికి ఒకరు చెప్పాలా? శుక్రవారం నమాజు అయ్యాక నాకు పని తక్కువ. కవర్ తీసి, స్టీరింగ్ తాకి కళ్ళకద్దుకుని, స్టార్ట్ చేసి కాసేపు వదిలేసేవాణ్ణి. ఆపే ముందు, అలవాటు కొద్దీ, రెండుసార్లు రేజ్ చేసేవాణ్ణి.

మూడో శుక్రవారమో నాలుగోదో, అక్క వంటింటి తలుపు తోసుకుని పరుగున వచ్చింది.

"ఆపెయ్ తమ్ముడూ, ఆపెయ్! మామా లేచి గుమ్మం దాకా వచ్చేశారు. తలుపు పట్టుకుని ఒకటే ఏడుపు."

"ఏమైందక్కా?"

"ఏమైందంటావేంటి? ఆ చప్పుడు అచ్చం ఆయనొచ్చినట్టే ఉంటేనూ! ఆవిణ్ణి బతకనిస్తావా, లేదా?"

వెంటనే ఆపేశాను. కవర్ కప్పి తాడు బిగించి కట్టాను. ఆ చలికాలమంతా మళ్ళీ దాని జోలికి పోలేదు.

అప్పటికి ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఇంకా రాలేదు గానీ దాని కోసం ఊరంతా తవ్వి పోశారు. నిన్న పోయిన సందుకు ఇవాళ కంచె. ఇంట్లోవాళ్ళను అల్ సద్‌లో క్లినిక్‌కు తీసుకుపోయి రావాలంటే సగం పూట రోడ్డు మీదే. సిమెంటు దుమ్ము, ఎడారి దుమ్ము కలిసి పికప్ మీద పేరుకున్నాయి. చలి తగ్గి గాలులు మొదలయ్యాక కవర్ చిరిగిపోయింది. ఊరు శుభ్రం చేస్తున్నారు కదా, వాడకుండా పడున్న బళ్ళకు మునిసిపాలిటీవాళ్ళు నోటీసులు అంటిస్తున్నారు. గడువులోగా కదలకపోతే క్రేన్‌తో ఎత్తుకుపోతారు. ఒకరోజు పొద్దున మా పికప్ అద్దం మీదా ఒకటి కనబడింది.

బాబా పెద్దకొడుకుకు చెప్పాను. అతను అటు తల కూడా తిప్పలేదు. "తీసుకుపోనీ. ఖలాస్. అది కనబడితే అమ్మ ఏడుస్తుంది," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. క్లచ్ తొక్కడం తెలియనివాడికి ఆ బండి విలువేం తెలుస్తుందని లోపల్లోపలే తిట్టుకున్నాను. తరువాత తట్టింది, తండ్రి పోయినప్పటి నుంచి అతను పికప్ ఉన్న ఆ గోడ వైపు నడవడమే మానేశాడని. ఇక ఎవర్ని తిట్టాలో తెలియలేదు.

ఆ సాయంత్రమే అక్క నా గది దగ్గరికి వచ్చింది.

"శుక్రవారంతో ఇద్దత్ అయిపోతుందంట. బయటికొస్తారంట. ఆ రోజుకి బండి నడవాలన్నారు."

"ఏ బండి?"

"ఇంకే బండి? ఆయనదే."

"ఏడుస్తాదని గదక్కా నిలిపేసింది?"

"ఏమో తమ్ముడూ. చెప్పమన్నారు, చెప్పాను. తీసుకుపోయేలోపు ఒక్కసారి ఆ బండిని చూసుకోవాలని ఉన్నట్టుంది."

ఒక్కసారి. అదైనా ఇవ్వకపోతే నేనేం డ్రైవర్ని? కొడుకు దగ్గరికి మళ్ళీ పోయి, శుక్రవారం లోపు క్రేన్‌వాళ్ళు వస్తే నేను అడ్డం పడుకుంటానని చెప్పాను.

బానెట్ ఎత్తితే ఇంజన్ మీద పిల్లి వెంట్రుకలు. బ్యాటరీలో ప్రాణం లేదు, దాని కొనల మీద తెల్లటి పొడి పూసి ఉంది. వేడినీళ్ళు పోసి గీకాను. టైర్లు నిలబడ్డచోట చదునైపోయాయి. గాలి కొట్టాను. పెద్ద బండి నుంచి కేబుళ్ళు తగిలించి తాళం తిప్పితే స్టార్టర్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. డీజిల్ పైపులో గాలి చేరింది. ఫిల్టర్ మీది పంపు చేత్తో నొక్కీ నొక్కీ బొటనవేలు వాచింది. గాలి తీసేస్తే మళ్ళీ చేరుతోంది. గురువారం పొద్దుగూకేదాకా ఇదే పని. కోపమొచ్చి టైరును తన్నాను, నా కాలే నొచ్చింది.

శుక్రవారం పొద్దున్నే పైపు అంతా వేలితో తడుముకుంటూ పోయాను. ఎండకు బిరుసెక్కిన రబ్బరు ఒకచోట గోటి గీతంత చీలి ఉంది. దాని కోసం ఇండస్ట్రియల్ ఏరియా అంతా తిరిగి కొత్త ముక్క తెచ్చి వేశాను. అప్పటికి కొడుకు మసీదుకు వెళ్ళిపోయాడు. మళ్ళీ పంపు కొట్టి, సీట్లో కూర్చుని స్టీరింగ్ కళ్ళకద్దుకున్నాను. బాబా తాళం తిప్పే ముందు బిస్మిల్లా అనేవారు. ఆ మాట ఆయన తరఫున నేనన్నాను. తాళం తిప్పాను.

రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ కక్కి, అందుకుంది. బండి మొత్తం వణికింది.

కొడుకు నమాజు నుంచి తిరిగొచ్చి గేటు దగ్గరే నిలబడిపోయాడు. లోపల తలుపు తెరుచుకుంది. మామా నడుచుకుంటూ వచ్చారు, వెనక అక్క. మనిషి సగమయ్యారు. నేను కంగారుగా దిగబోతే, వద్దని చెయ్యెత్తారు. వచ్చి అదురుతున్న బానెట్ మీద అరచెయ్యి ఆనించారు. తరువాత నా వైపు చూసి, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా అడిగారు.

"మొదట్లో ప్రతి శుక్రవారం వినిపించేది. ఎందుకు మానేశావు?"

"మీరు ఏడ్చారని మామా..."

"ఏడుస్తాను. ఏడవడానికే కదా కూర్చున్నాను." ఆవిడ గొంతులో కోపం లేదు. "ఆయన అలా రెండుసార్లు అరిపించేది నా కోసమే. వచ్చాను, గావా పొయ్యి మీద పెట్టు అని. నువ్వు మానేశాక కూడా, ఈ శుక్రవారమైనా వినబడుతుందేమోనని పెట్టుకుని కూర్చునేదాన్ని."

గావా అంటే వాళ్ళు తాగే యాలకుల కాఫీ. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడిపించకూడదని ఇద్దరం కలిసి ఆవిడకున్న ఒక్క ఆసరా తీసేశాం.

మామా వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళారు. తలుపు మూసుకునేదాకా ఆగాను. అప్పుడు రెండుసార్లు గట్టిగా రేజ్ చేసి ఇంజన్ ఆపాను. కొడుకు దగ్గరికొచ్చి, అద్దం మీది నోటీసును గోళ్ళతో కొంచెం కొంచెంగా గీకడం మొదలుపెట్టాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. స్టీరింగ్ పట్టుకుని నేను పైకే ఏడ్చాను.

కాసేపటికి లోపలి నుంచి యాలకుల వాసన వచ్చింది. దాని వెనకే, చలికాలమంతా వినని కేక.

"డ్రైవర్!"

ముఖం తుడుచుకుని, తాళం జేబులో వేసుకుని గుమ్మం వైపు పరుగెత్తాను.