తొక్కు కలిపిన బేసిన్

బాపుకు అన్నవాహికలో క్యాన్సర్ అని తెలిసిన ఏడాది, మా రావల్కోల్ ఇంట్లో వంటల వాసనే లేకుండా పోయింది. ముక్కులోంచి వేసిన గొట్టంలో పోసే జావ, పాలే ఆయన తిండి. ఏ వేళకు ఎంత పోయాలో లెక్క నాది. లెక్కలు నేను బడిలో కన్నా మా కిరాణా కొట్లోనే నేర్చుకున్నాను. చుక్క తేడా రానిచ్చేవాణ్ణి కాదు. జావ కాచి వడబోసేది అమ్మ.

తినలేని మనిషి ముందు తినడం పాపమనుకుంది అమ్మ. మొదట్లో కంచం పట్టుకుని పెరట్లో బట్టలుతికే బండ దగ్గరికి వెళ్లి తినేది. తర్వాత అదీ మాని, చాయ్‌తో పొద్దు పుచ్చసాగింది. మేడ్చల్ నుంచి వచ్చిన చెల్లె, "అమ్మ జాకెట్లన్ని వదులైనయ్, జూస్తున్నవా అన్నా?" అనేసరికి నాకు భయం పట్టుకుంది. డాక్టరుకు చూపిద్దామంటే అమ్మ, "రోగం ఆయనకా, నాకా?" అంది.

అంతలో మామిడికాయల కాలం వచ్చింది. పక్కింట్లో ఆవకాయకు కాయలు కొట్టే చప్పుడు విని బాపు మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఏమే, మనింట్ల తొక్కు పెడ్తలేవేంది?"

"ఎవలు తింటరని?"

"నేను తినకుంటే ఊరంత తినుడు బంద్ జేసిందా?"

నన్ను అప్పటికప్పుడు శామీర్‌పేటకు కాయల కోసం తరిమాడు.

మా ఇంట్లో తొక్కుకు ఉప్పు వేసేది బాపే. జాడీకెత్తాక, కారం నూనె అంటిన బేసిన్‌లో వేడన్నం కలిపి అందరికీ ముద్దలు పెట్టేదీ ఆయనే. ఆ రోజూ చేతులు కడుక్కుని బేసిన్ ముందు కూర్చుని ఉప్పేశాడు, జాడీకెత్తాక అన్నం కలిపాడు. వెల్లుల్లి వాసనకు నాకు నోరూరింది, ఊరినందుకు సిగ్గేసింది. మొదటి ముద్ద అమ్మ వైపు చాపాడు. అమ్మ గోడ వైపు తిరిగింది.

"ఇటు మర్రు. నేనైతే రుచి జూడలేను. ఉప్పెట్లున్నదో నువ్వే జెప్పాలె."

అమ్మ తీసుకుని చాలాసేపు నమిలింది.

"జర తక్కువైంది."

"యేటేటా గదే మాట. నా చెయ్యి ఎన్నడన్న సక్కగున్నదన్నవా?"

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే, రెండో ముద్దకు చెయ్యి చాపింది.

మర్నాటి నుంచి ఆమె కంచం బాపు మంచం పక్కకు వచ్చింది. ఏం కూరని ఆయన అడిగేవాడు, ఆమె తన వంటకు తానే వంకలు పెట్టేది. బాపు పోయేదాకా పూటపూటా ఆ ముచ్చట నడిచింది. ఆ మాటలు వినడానికే నేను వాకిట్లో ఏదో ఒక పని పెట్టుకునేవాణ్ణి.